బొగ్గు, చమురు సంస్థల రెండు దారులు: యజమానులుగా మనం అడగవలసిన లెక్క

సంపాదకుల వారికి నమస్కారములు.

చమురు, బొగ్గు సంస్థలు స్వచ్ఛ ఇంధనం వైపు మళ్లుతున్నాయని ఒక నెల, ఆ ప్రయత్నం నుంచి వెనక్కి తగ్గుతున్నాయని మరో నెల మన పత్రికల్లో వార్తలు వస్తున్నాయి. రెండూ నిజమే అయినా, రెంటినీ ఒకచోట పెట్టి చూపించే కథనాలు అరుదు. అందువల్ల పాఠకుల్లో రెండు అభిప్రాయాలు స్థిరపడుతున్నాయి. కంపెనీలే మారుతున్నాయి కనుక ప్రభుత్వాలు చేయవలసింది పెద్దగా లేదని కొందరు, అంతా ప్రచారమే కనుక ఆశ పెట్టుకోనక్కరలేదని మరికొందరు అనుకుంటున్నారు. గడచిన ముప్పై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు. శిలాజ ఇంధన పరిశ్రమలో చీలిక ఉన్నమాట నిజం. అయితే అది కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్నదానికన్నా ప్రతి కంపెనీ లోపలే ఎక్కువగా ఉంది. లోపల ఏ పక్షం గెలుస్తుందన్నది యజమానులు ఏమి అడుగుతారు, చట్టం ఏమి నిర్దేశిస్తుంది అన్నదానిని బట్టి తేలుతోంది. తెలుగువారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. సింగరేణి మొదలు ఎన్టీపీసీ, ఓఎన్‌జీసీల దాకా మన నేల మీద బొగ్గు తవ్వే, మండించే, చమురు తీసే పెద్ద సంస్థల్లో అధిక వాటా ప్రభుత్వాలది, అంటే ప్రజలది.

ఈ చీలికను అర్థం చేసుకోవడానికి బ్రిటన్‌కు చెందిన చమురు కంపెనీ బీపీ చరిత్ర అన్నిటికన్నా ఎక్కువ పనికివస్తుంది. 1990లలో చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అనే కూటమిగా నిలిచి, భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాల నియంత్రణను గట్టిగా వ్యతిరేకిస్తున్న కాలంలో బీపీ ఆ కూటమి నుంచి బయటికి వచ్చింది. 1997 మే నెలలో కంపెనీ అధిపతి జాన్ బ్రౌన్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, వాతావరణ మార్పు ముప్పును ఇక పక్కన పెట్టడానికి వీల్లేదని బహిరంగంగా ఒప్పుకున్నారు. అప్పటి చమురు పరిశ్రమలో అది సాహసమే. 2005లో కంపెనీ ప్రత్యామ్నాయ ఇంధన విభాగాన్ని ప్రారంభించి, పదేళ్లలో 800 కోట్ల డాలర్లు పెడతామని చెప్పింది. మన దేశంలో టాటాలతో కలిసి బీపీ నడిపిన టాటా బీపీ సోలార్ పేరు ఎందరికో గుర్తుండే ఉంటుంది. సౌరదీపాలు, నీళ్లు కాచే పరికరాలు ఆ పేరుతోనే చాలా ఇళ్లకు చేరాయి. 2011 చివర బీపీ సౌరవిద్యుత్ వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకుంటున్నట్లు ప్రకటించి, ఆ ఉమ్మడి సంస్థలోని తన వాటాను టాటాలకే అప్పగించింది. అదే 2011లో 720 కోట్ల డాలర్లు పెట్టి రిలయన్స్‌కు చెందిన చమురు, గ్యాస్ బ్లాకుల్లో 30 శాతం వాటా కొనుక్కుంది. వాటిలో ప్రధానమైనది కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న కేజీ-డీ6. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరంలో సౌరఫలకాలను వదిలి గోదావరి తీరపు గ్యాస్‌ను ఎంచుకున్న ఈ సంగతి మన వార్తల్లో రెండు వేర్వేరు విషయాలుగానే మిగిలిపోయింది.

ఆ తరువాతి కథ ఇంకా స్పష్టమైనది. 2020 ఆగస్టులో, బెర్నార్డ్ లూనీ అధిపతిగా ఉండగా, 2030 నాటికి చమురు, గ్యాస్ ఉత్పత్తిని 2019 స్థాయి నుంచి 40 శాతం తగ్గిస్తామని బీపీ ప్రకటించింది. ఉత్పత్తినే తగ్గిస్తామని అంత సూటిగా చెప్పడం పెద్ద కంపెనీల్లో అరుదైన విషయం. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తడంతో ధరలు ఎగబాకాయి. ఆ సంవత్సరానికి బీపీ చూపిన లాభం 2,770 కోట్ల డాలర్లు. 2023 ఫిబ్రవరిలో ఆ లాభాన్ని వెల్లడించిన రోజునే 40 శాతం కోత 25 శాతానికి దిగింది. 2025 ఫిబ్రవరిలో, ఇలియట్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థ వాటాలు కొని ఒత్తిడి పెంచుతున్న సమయంలో, ఆ లక్ష్యాన్నే విడిచిపెట్టారు. చమురు, గ్యాస్ మీద ఏటా 1,000 కోట్ల డాలర్లు పెడతామని, స్వచ్ఛ ఇంధనంపై పెట్టదలచిన సొమ్ములో ఏటా 500 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తామని ప్రకటించారు. ఐదేళ్లలో శాస్త్రం చెప్పేది మారలేదు, భూమి వేడెక్కడం ఆగలేదు. మారినది ముడిచమురు ధర, దానితో పాటు వాటాదారుల కోరిక.

యూరప్ కంపెనీలు మంచివి, అమెరికా కంపెనీలు మొండివి అని తేల్చేయడం ఇందువల్లే సరికాదు. 2021 మే 26న ఒకే రోజున జరిగిన మూడు సంఘటనలు చూడండి. నెదర్లాండ్స్‌లోని హేగ్ న్యాయస్థానం షెల్ కంపెనీ తన ఉద్గారాలను, తాను అమ్మిన ఇంధనం మండినప్పుడు వెలువడేవాటితో సహా, 2030 నాటికి 2019 స్థాయి నుంచి 45 శాతం తగ్గించాలని తీర్పు చెప్పింది. అమెరికాలో చెవ్రాన్ వాటాదారుల్లో 61 శాతం మంది, వినియోగదారులు మండించే ఇంధనపు ఉద్గారాలను కూడా కంపెనీ తగ్గించాలన్న తీర్మానానికి ఓటు వేశారు. ఎక్సాన్ మొబిల్‌లో కేవలం 0.02 శాతం వాటా ఉన్న ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న పెట్టుబడి సంస్థ, పెద్ద పెన్షన్ నిధుల మద్దతు కూడగట్టి, యాజమాన్యం వద్దన్నా 12 మంది డైరెక్టర్లలో ముగ్గురిని తన తరఫున గెలిపించుకుంది. చమురు పరిశ్రమ చరిత్రలో అటువంటి రోజు అంతకు ముందు లేదు.

తరువాత ఏమైంది? హేగ్ అప్పీలు న్యాయస్థానం 2024 నవంబరు 12న ఆ 45 శాతం అంకెను కొట్టివేసింది. ఉద్గారాలు తగ్గించే బాధ్యత మాత్రం షెల్‌కు ఉన్నదని నిలబెట్టింది. అంతకు ముందే, అదే ఏడాది మార్చిలో, షెల్ తన 2030 లక్ష్యాన్ని సడలించి 2035 లక్ష్యాన్ని పూర్తిగా తొలగించింది. ఎక్సాన్ 2023 అక్టోబరులో 5,950 కోట్ల డాలర్లతో పయొనీర్ అనే చమురు కంపెనీని కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది కర్బన వాయువును గొట్టాల ద్వారా తీసుకుపోయి భూమిలో దాచే వ్యాపారం కోసం డెన్‌బరీ అనే కంపెనీని 490 కోట్ల డాలర్లకు కొన్నది; ఆర్కాన్సాలో లిథియం తీస్తామని కూడా చెప్పింది. స్వచ్ఛ ఇంధనం ఎక్సాన్‌కు పట్టదనడం అందువల్ల నిజం కాదు. పట్టింది, కాని ఆ రెండు కొనుగోళ్ల లెక్కలో చమురుకు పెట్టిన ప్రతి పన్నెండు డాలర్లకు ఒక డాలరు చొప్పున పట్టింది.

ఎక్సాన్ విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. 1977లోనే ఆ కంపెనీ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ శిలాజ ఇంధనాల వల్ల భూమి వేడెక్కే అవకాశం గురించి యాజమాన్యానికి వివరించారు. అప్పటి నుంచి 2003 దాకా కంపెనీ శాస్త్రవేత్తలు వేసిన అంచనాలను తరువాతి ఉష్ణోగ్రతలతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2023 జనవరిలో వెలువడింది. వారి అంచనాలు చాలావరకు సరిగ్గా నిలిచాయని అది తేల్చింది. అంటే ఆ కంపెనీ లోపల శాస్త్రవేత్తల గది ఒక మాట చెబుతుండగా, ప్రచార విభాగం ఏళ్ల తరబడి దానికి వ్యతిరేకమైన మాట చెబుతూ వచ్చింది. లోపలి చీలిక అన్న నా మాటకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కరలేదు. ఆ గదిలోని మాటకు యజమానుల సభలో చోటు దొరికి ఉంటే, ప్రపంచానికి కనీసం పాతికేళ్ల సమయం మిగిలి ఉండేది.

నిజంగా దారి మార్చుకున్న కంపెనీ లేదా అంటే ఒకటుంది. డెన్మార్క్ ప్రభుత్వ చమురు, గ్యాస్ సంస్థ డాంగ్ ఎనర్జీ ఒకప్పుడు యూరప్‌లో బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన విద్యుత్ సంస్థల్లో ఒకటి. జర్మనీలోని లుబ్మిన్‌లో అది కట్టదలచిన పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని స్థానిక ప్రజలు ఎదిరించగా, 2009 డిసెంబరులో ఆ ప్రణాళికను వదులుకుంది. 85 శాతం శిలాజ ఇంధనాలు, 15 శాతం స్వచ్ఛ ఇంధనంగా ఉన్న తన ఉత్పత్తిని ఒక తరం కాలంలో తలకిందులు చేస్తానని అదే ఏడాది ప్రకటించి, అనుకున్న గడువుకన్నా ఎంతో ముందే, 2019 నాటికి సాధించింది. 2017లో చమురు, గ్యాస్ వ్యాపారాన్ని ఇనియోస్ కంపెనీకి అమ్మి, తన పేరు కూడా ఓర్‌స్టెడ్‌గా మార్చుకుంది. ఆ కంపెనీ అధికారులు ఇతరులకన్నా ఉత్తములని దీని అర్థం కాదు. 50.1 శాతం వాటా డెన్మార్క్ ప్రభుత్వానిది. సముద్రంలో గాలిమరలు పెట్టినవారి విద్యుత్తుకు నిర్ణీత ధర చెల్లిస్తామని, బొగ్గును వదిలిపెట్టాలని ఆ దేశపు పార్లమెంటులో పార్టీలకతీతంగా ఒప్పందాలు కుదిరాయి. యజమానీ చట్టమూ ఒకే దిక్కుగా నడిచాయి.

ఓర్‌స్టెడ్ దారి కూడా సాఫీగా లేదన్నది దాచవలసిన పని లేదు. వడ్డీ రేట్లు, సామగ్రి ధరలు పెరగడంతో 2023 చివర అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో రెండు పెద్ద ప్రాజెక్టులను రద్దు చేసుకుని భారీగా నష్టపోయింది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మరో ప్రాజెక్టు పనులు ఆపమని ఆదేశించింది. ఆ సంవత్సరమే కంపెనీ 6,000 కోట్ల డానిష్ క్రోనర్ల కొత్త మూలధనం సేకరించవలసి రాగా, డెన్మార్క్ ప్రభుత్వం తన వాటాకు తగ్గ సొమ్ము భరించింది. ధర పెరిగిందని బీపీ యజమానులు దారి మళ్లించిన కాలంలోనే, నష్టం వచ్చినా ఓర్‌స్టెడ్ యజమాని నిలబడ్డాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో స్వచ్ఛ ఇంధనం మీద పెడుతున్న పెట్టుబడిలో చమురు, గ్యాస్ పరిశ్రమ వాటా కేవలం ఒక శాతం. అందులోనూ 60 శాతానికి పైగా ఈక్వినార్, టోటల్ ఎనర్జీస్, షెల్, బీపీ అనే నాలుగు కంపెనీలదే. మనం పేర్లు తెలిసిన పెద్ద ప్రైవేటు కంపెనీల చేతిలో ప్రపంచ చమురు, గ్యాస్ ఉత్పత్తి 13 శాతం కూడా లేదని, సగానికి పైగా ఉత్పత్తి ఆయా దేశాల ప్రభుత్వ సంస్థలదేనని కూడా ఆ నివేదిక చెబుతోంది. ఆ సంస్థల్లోనూ ఏకాభిప్రాయం లేదు. దుబాయిలో 2023లో జరిగిన వాతావరణ సదస్సుకు అబుదాబి చమురు సంస్థ అధిపతి సుల్తాన్ అల్ జాబర్ అధ్యక్షత వహించగా, శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలన్న మాట మొదటిసారి ఆ సదస్సు ఒప్పందంలో చేరింది. కొన్ని నెలలకే, 2024 మార్చిలో, సౌదీ అరామ్‌కో అధిపతి అమీన్ నాసర్ చమురు, గ్యాస్‌లను దశలవారీగా వదిలేయడమన్న భ్రమను విడిచిపెట్టాలని అమెరికాలో జరిగిన సభలో అన్నారు. కనుక ప్రపంచ ఇంధన భవిష్యత్తులో ఎక్కువ భాగం లండన్, హ్యూస్టన్‌లలోని వాటాదారుల కన్నా ప్రభుత్వాల చేతిలోనే, ఆ ప్రభుత్వాలను ఎన్నుకునే చోట ప్రజల చేతిలోనే ఉన్నది.

మన సంస్థల సంగతికి వస్తే ఇదే చీలిక కళ్ల ఎదుట కనిపిస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రపు జలాశయం మీద 2022 జులైలో 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం పూర్తయింది. అప్పటికి దేశంలో అదే పెద్దది. ఆ పక్కనే 1,600 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్లు కూడా వచ్చాయి. 2032 నాటికి 60 గిగావాట్ల పునరుత్పాదక సామర్థ్యం సాధిస్తామంటున్న ఎన్టీపీసీ, 2024 నవంబరులో తన హరిత విభాగం వాటాలను ప్రజలకు అమ్మి 10,000 కోట్ల రూపాయలు సేకరించింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఆ సంస్థ తలపెట్టిన హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఓఎన్‌జీసీ కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలోని బ్లాకు నుంచి 2024 జనవరిలో కొత్తగా చమురు తీయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఎన్టీపీసీతో కలిసి అయానా అనే పునరుత్పాదక విద్యుత్ సంస్థను సుమారు 19,500 కోట్ల రూపాయల విలువకు కొన్నది. 2038 నాటికి నికర ఉద్గారాలు సున్నా అన్నది ఓఎన్‌జీసీ లక్ష్యం. అయితే తన పనిలో వెలువడేవాటినే అది లెక్కిస్తుంది. తాను తీసిన చమురు, గ్యాస్ మన వాహనాల్లో, పొయ్యిల్లో, కర్మాగారాల్లో మండినప్పుడు వెలువడేది ఆ లెక్కలో లేదు.

సింగరేణి గురించి కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి. బొగ్గు ప్రాంతపు కళాశాలల్లో అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. నా దగ్గర చదువుకున్నవారిలో చాలామంది గని కార్మికుల పిల్లలు. ఈ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఏటా దాదాపు ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీస్తుంది. జైపూర్‌లో 1,200 మెగావాట్ల సొంత విద్యుత్ కేంద్రం ఉంది. గనుల పక్కన ఖాళీ స్థలాల్లో, జలాశయం మీద 200 మెగావాట్లకు పైగా సౌరవిద్యుత్ కేంద్రాలు పెట్టుకుంది. రామగుండం దగ్గర మూతపడిన మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతలో నీటిని ఎత్తిపోసి విద్యుత్తును నిల్వచేసే ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. 2025లో కర్ణాటకలోని దేవదుర్గలో బంగారం, రాగి అన్వేషణకు హక్కు సంపాదించింది. వీటిలో ప్రతి ఒక్కటీ మెచ్చుకోదగినదే. అదే 2025లో ఒడిశాలోని నైనీ బ్లాకులో బొగ్గు తవ్వకం మొదలైంది. రాజస్థాన్ విద్యుత్ సంస్థతో ఆ ఏడాది మార్చిలో చేసుకున్న ఒక్క ఒప్పందంలోనే 1,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్తు, 1,500 మెగావాట్ల సౌరవిద్యుత్తు రెండూ ఉన్నాయి. సంస్థ ఏ దిక్కుకు నడుస్తోందో చెప్పే ఒక్క పత్రం మాత్రం ప్రజల ముందు లేదు.

సొంత వినియోగానికి సరిపడా సౌరవిద్యుత్తు తయారు చేసుకోవాలన్న సింగరేణి లక్ష్యం మంచిదే. కాని సింగరేణి బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో, సిమెంటు కర్మాగారాల్లో మండినప్పుడు వెలువడే కర్బన వాయువును టన్నుకు ఒకటిన్నర టన్నుగా లెక్క వేసుకున్నా ఏటా పది కోట్ల టన్నులు దాటుతుంది. అసలు ప్రశ్న అక్కడ ఉంది. ఆ బొగ్గు కొనేవారు ఎంతకాలం కొంటారు? కోల్ ఇండియా బొగ్గుతో పోలిస్తే సింగరేణి బొగ్గు ధర ఎక్కువ. సౌరవిద్యుత్తు టెండర్లలో యూనిట్ ధర రెండున్నర రూపాయల చుట్టూ పలుకుతోంది. నిల్వ చేసే ఖర్చు తగ్గుతున్నకొద్దీ, సాయంకాలపు గిరాకీకి కూడా బొగ్గు అవసరం తగ్గుతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ కట్టిన 1,680 మెగావాట్ల నీటి నిల్వ విద్యుత్ కేంద్రం ఆ దిశలో జరుగుతున్న పనికి ఉదాహరణ. దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం 2025 మధ్యనాటికే శిలాజేతర వనరులదయింది. ఇప్పటికీ ఉత్పత్తయ్యే విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తున్న మాట నిజమే. రేపో మాపో గనులు మూతపడతాయని నేను అనడం లేదు. గిరాకీ తగ్గడం మొదలైననాడు ముందుగా వదులుకునేది ఖరీదైన బొగ్గునే అన్నది మాత్రం అర్థశాస్త్రం మొదటి ఏడాదిలోనే నేర్పే పాఠం.

స్వచ్ఛ ఇంధనం వస్తే బొగ్గు ప్రాంతంలో ఉద్యోగాలు పోతాయని, కనుక ఈ చర్చే వద్దని మన నాయకులు కొందరు అంటారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఉద్యోగాలు ఇప్పటిదాకా ఎలా పోయాయో చూడాలి. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. ఈ కాలంలో బొగ్గు ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరిగింది. భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి, భారీ యంత్రాలు వచ్చాయి, పర్మినెంట్ కార్మికుడు చేసే పని కాంట్రాక్ట్ కార్మికుడి చేతికి తక్కువ కూలికి పోయింది. ఆ అరవై వేల ఉద్యోగాల్లో అత్యధికం పోయినప్పుడు ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ సౌరవిద్యుత్ కేంద్రం ఒక్కటి కూడా లేదు. బొగ్గు పెరుగుతుండగానే ఉపాధి పోయింది కనుక, బొగ్గును కాపాడితే ఉపాధి కాపాడినట్లే అన్న వాదన బెల్లంపల్లి, ఇల్లందు వంటి ఊళ్లలో నిలవదు. గనులు మూతపడ్డ తరువాత అక్కడి బజార్లు ఎలా చిన్నబోయాయో ఆ ఊళ్లవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పైగా ఈ మార్పుకు అవసరమైన సొమ్ము కూడా సంస్థ చేతిలో లేదు. రాష్ట్ర విద్యుత్ సంస్థల నుంచి సింగరేణికి రావలసిన బకాయిలు వేల కోట్ల రూపాయల్లో పేరుకుపోయాయి. ప్రతి దసరాకు కార్మికులకు ఇచ్చే లాభాల వాటా ఎంత శాతమన్నది పెద్ద వార్త అవుతుంది, కావలసిందే. ఆ లాభంలో ఎంత భాగం వసూలు కాని బకాయిగా మిగిలిందన్నది వార్త కావడం లేదు. 2024 జూన్‌లో హైదరాబాద్‌లో బొగ్గు బ్లాకుల వేలం ప్రారంభమైనప్పుడు రాష్ట్రంలో వారాల తరబడి చర్చ నడిచింది. శ్రావణపల్లి బ్లాకు వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలా వద్దా అని అన్ని పార్టీలూ మాట్లాడాయి. ఆ బ్లాకు సింగరేణికి దక్కడం నాకూ సమ్మతమే. కాని కొత్త బ్లాకు ఎవరిదన్న దాని మీద అంత శ్రద్ధ చూపిన శాసనసభ్యుల్లో, చివరి బ్లాకు అయిపోయాక ఈ ఊళ్లు ఏమవుతాయని అడిగిన గొంతు నాకు వినిపించలేదు.

అమెరికా 2023 నుంచి చరిత్రలో ఏ దేశమూ తీయనంత ముడిచమురు తీస్తుంటే, తలసరి ఉద్గారాలు ఎంతో తక్కువగా ఉన్న మనకెందుకీ తొందర అని అడిగేవారు ఉన్నారు. న్యాయం దృష్ట్యా ఆ ప్రశ్న పూర్తిగా సమంజసం. ధనిక దేశాలూ, వాటి కంపెనీలూ ఎక్కువ భారం మోయాలి. ఆ వాదనను మన ప్రభుత్వం అంతర్జాతీయ వేదికల మీద వదలకూడదు. కాని గోదావరిఖని పిల్లవాడి ఉద్యోగం సంగతి హ్యూస్టన్‌లో తేలదు. గిరాకీ తగ్గే రోజుకు సిద్ధపడటం ఎవరికో చేసే ఉపకారం కాదు, మన ఊళ్లను మనం కాపాడుకోవడం.

సిద్ధపడటానికి ఎంత కాలం పడుతుందో జర్మనీ అనుభవం చెబుతుంది. 1950ల చివర ఆ దేశపు గట్టిబొగ్గు గనుల్లో దాదాపు ఆరు లక్షల మంది పనిచేసేవారు. చివరి గని ప్రాస్పర్ హానియెల్ 2018 డిసెంబరులో మూతపడింది. అరవై ఏళ్లు పట్టింది. ఆ గనుల్లో ఊరే నీటిని ఎప్పటికీ తోడుతూనే ఉండాలి. ఆ ఖర్చు కోసం 2007లోనే ప్రత్యేక నిధి సంస్థను ఏర్పాటు చేసి, గని కంపెనీ ఆస్తులను దానికి అప్పగించారు. మిగిలిన లిగ్నైట్ (గోధుమరంగు మెత్తని బొగ్గు) ప్రాంతాల కోసం 2020లో చట్టం చేసి, 2038 వరకు 4,000 కోట్ల యూరోలు కేటాయించారు. దక్షిణాఫ్రికాలో కొమాటి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసినప్పుడు స్థానికులకు తగిన ప్రత్యామ్నాయం సిద్ధంగా లేకపోవడంతో, ఆ ఊరు దెబ్బతిన్నదన్న విమర్శ ఆ దేశంలో ఇప్పటికీ వినబడుతోంది. మన దగ్గర ఝార్ఖండ్ ప్రభుత్వం 2022లో ఈ విషయం మీద ఒక కార్యదళాన్ని నియమించింది. తెలంగాణలో అటువంటిది ఏర్పాటు చేయడానికి ఇంకా ఆలస్యం తగదు.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వాన్నీ, శాసనసభనూ మీ పత్రిక ద్వారా కోరేది ఇది. సింగరేణి ఏటా తెలుగులో ఒక నివేదిక ప్రచురించాలి. ప్రతి గనిలో ఎంత బొగ్గు మిగిలి ఉంది, అది ఏ సంవత్సరంలో మూతపడవచ్చు, అక్కడ పర్మినెంట్ కార్మికులు ఎందరు, కాంట్రాక్ట్ కార్మికులు ఎందరు, మూసివేత కోసం నిబంధనల ప్రకారం ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే విడిగా ఉంచే ఖాతాలో) ఎంత జమయింది, ఆ ఊరికి తరువాత ఏ పని వస్తుంది అన్నవి అందులో ఉండాలి. ఆ ఏడాది పెట్టిన మూలధనంలో బొగ్గుకు ఎంత, ఇతర ఇంధనానికి ఎంత అన్నది వేరువేరుగా చూపాలి. శాసనసభ ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ దాన్ని కార్మిక సంఘాల సమక్షంలో, వీలైతే కొత్తగూడెంలోనో మంచిర్యాలలోనో, బహిరంగంగా చర్చించాలి. కాంట్రాక్ట్ కార్మికులను ఆ చర్చకు తప్పనిసరిగా పిలవాలి. లాభాల వాటాలోనూ, వారసత్వ ఉద్యోగాల్లోనూ పర్మినెంట్ కార్మికులతో సమానమైన చోటు వారికి లేదు, గని మూతపడితే ముందుగా వీధిన పడేదీ వారే. బకాయిల చెల్లింపుకు గడువులు నిర్ణయించి, వచ్చిన దానిలో ఒక భాగాన్ని ఈ ప్రాంతపు కొత్త ఉపాధికే కేటాయించాలి. ఎక్సాన్‌లో 0.02 శాతం వాటా ఉన్నవారు బోర్డు తలుపు తట్టి లోపలికి వెళ్లగలిగారు. 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వాన్ని లెక్క అడిగే మన శాసనసభకు ఇందులో ఏ అడ్డంకీ లేదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఏ బొగ్గు సంస్థ అయినా, చమురు సంస్థ అయినా సౌరవిద్యుత్తు, హైడ్రోజన్ వంటి పథకం ప్రకటించినప్పుడు, ఆ వార్త పక్కనే ఆ సంవత్సరం బొగ్గు, చమురు మీద అదే సంస్థ పెట్టిన సొమ్మును కూడా ప్రచురించండి. హరిత పథకాల వార్తలు వాణిజ్య పేజీలో, గనుల మూసివేత వార్తలు జిల్లా పేజీలో వేరువేరుగా రావడం వల్ల రెంటికీ సంబంధం ఉన్న సంగతే పాఠకుడికి అందడం లేదు. సింగరేణి తదుపరి వార్షిక నివేదిక వెలువడినప్పుడు ఈ రెండు అంకెలతో ఒక పట్టికను మంచిర్యాల, పెద్దపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల సంచికల మొదటి పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
మంచిర్యాల